చెన్నై పార్కు టూరు ఆగేది ప్రమాదం వల్లా, ధర వల్లా?

మాస్టారూ, నమస్తే.

మీరు రాసింది రెండుసార్లు చదివాను. కందుకూరు దగ్గర మీ స్కూలు నుంచి ఏటా ఎనిమిది, తొమ్మిది తరగతుల పిలకాయల్ని చెన్నై పార్కుకు తీసుకెళ్లేవాళ్లు. పోయినసారి రైడు మీద జనం ఇరుక్కుపోయిన వీడియో ఇంటింటికీ చేరింది, తల్లిదండ్రులు ఒప్పుకోలేదు, టూరు ఆగింది. ఈసారి భయం కాస్త సద్దుమణిగింది గానీ తలకు 2,500 అనేసరికి సగం మంది పేర్లు ఇవ్వలేదు. జనం పార్కులకు దూరమవుతున్నది ప్రమాదాల వల్లా, ధరల వల్లా, అసలు ఈసారి వెళ్లడమా మానడమా అని అడిగారు.

నేను కావలిలో ఇరవై రెండేళ్లుగా బస్సు టూర్లు నడుపుతున్నాను. ఇటు ఉదయగిరి, ఆత్మకూరు వైపు స్కూళ్లు, అటు సింగరాయకొండ, ఒంగోలు దాకా కాలేజీలు, మహిళా సంఘాలు, అయ్యప్ప స్వాములు, అందరినీ తిప్పాను. పిలకాయల్ని తీసుకుని పార్కులకే రెండు వందల సార్లకు తక్కువ వెళ్లి ఉండను. ఆ లెక్కతో చెప్తున్నాను: ప్రమాదం చూసి ఆగిన టూరు ఒకటి రెండు సీజన్లలో మళ్లీ కదులుతుంది. ధర చూసి ఆగిన ఇల్లు మళ్లీ బస్సెక్కడం నేను చాలా తక్కువ చూశాను. అయితే నాకు నిద్ర పట్టనివ్వనిది ఈ రెండూ కాదు. ధర భరించలేని జనం ఎటు మళ్లుతున్నారు, ధర తగ్గించడానికి మాలాంటివాళ్లం దేన్ని కోస్తున్నాం అన్నది. వచ్చే ప్రమాదం అక్కడ కాచుకుని ఉంటుంది.

ముందు భయం సంగతి.

2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలోకి దిగిన హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. పైనున్న లార్జీ డ్యాం నుంచి నీళ్లు వదిలారు. ఆ ఏడాది మా దగ్గర బుక్ చేసుకున్న కాలేజీలన్నీ ఇండస్ట్రియల్ టూర్లు రద్దు చేసుకున్నాయి. రెండేళ్లు తిరిగేసరికి అవే కాలేజీలు ఫోన్ చేశాయి.

2017 నవంబరు 12 మాత్రం మన ఇంటి దుఃఖం. కార్తీక ఆదివారం. ఒంగోలు నుంచి పొద్దున్నే వాకింగ్ చేసే స్నేహితులు, వాళ్ల భార్యలు, బంధువులు కలిసి అమరావతి వైపు వెళ్లారు. సాయంత్రం పవిత్ర సంగమం దగ్గర హారతి చూద్దామని కృష్ణలో బోటెక్కారు. దానికి అనుమతి లేదు, ఎక్కించాల్సినదానికంటే ఎక్కువమందిని ఎక్కించారు, అందరికీ లైఫ్ జాకెట్లు లేవు. ఇరవై మందికి పైగా చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది ఒంగోలు వాళ్లే. ఆ మర్నాడు నేను పని మీద ఒంగోలు వెళ్లాను. వీధికో ఇంటి ముందు షామియానా ఉంది. ఆ చలికాలమంతా ఒంగోలు నుంచి ఏ బృందం ఫోన్ చేసినా మొదటి మాట ఒక్కటే: ‘బోటు లేదు గదా?’ భవానీ ద్వీపం వద్దన్నారు, నాగార్జునసాగర్ లాంచీ వద్దన్నారు. అదే జనం అదే నెలలో పిల్లల్ని చెన్నై పార్కుకు పంపారు. రోలర్ కోస్టర్ గురించి ఒక్కరూ అడగలేదు.

నేను అప్పుడు గమనించింది ఇదే. జనం కళ్లతో చూసినదాన్నే భయపడతారు, దాని పక్కనున్నదాన్ని భయపడరు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగి దాదాపు 50 మంది పోయినప్పుడూ అంతే. పాపికొండల బోట్లు చాలాకాలం ఆగాయి, కంట్రోల్ రూములు పెట్టి మళ్లీ వదిలారు, జనం మళ్లీ ఎక్కారు.

చెన్నై చుట్టుపక్కల పార్కుల సంగతికొద్దాం. 2016 మేలో తాంబరం దగ్గర కిష్కింత పార్కులో ఒక రైడును ట్రయల్ రన్ చేస్తుండగా కూలి, అక్కడ పనిచేసే ఒకతను చనిపోయాడు, చాలామందికి దెబ్బలు తగిలాయి. 2019 జూన్‌లో పూనమల్లి దాటాక ఉన్న క్వీన్స్‌ల్యాండ్ పార్కులో, మనుషుల్ని పైకెత్తి ఒక్కసారిగా కిందికి వదిలే ఫ్రీ ఫాల్ టవర్ కేబుల్ తెగి, సీట్ల వరస కిందికి వచ్చి పడింది. అదృష్టం బాగుండి అప్పటికే అది నేలకు దగ్గరగా ఉంది. 2025 మేలో ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద వీజీపీ పార్కులో ఒక రైడు పైన ఆగిపోయి ముప్పై మందికి పైగా దాదాపు మూడు గంటలు గాల్లో ఉన్నారు. ఫైర్ సర్వీసు వాళ్లు నిచ్చెన వాహనంతో దించారు. ఒక్కరికీ ఏమీ కాలేదు. మీ టూరు ఆపిన వీడియో ఇదే అనుకుంటాను.

ఒక మనిషి ప్రాణం పోయిన 2016 ప్రమాదం మనవైపు తల్లిదండ్రుల్లో ఎంతమందికి తెలుసు? ఆ ఏడాది నాకు ఒక్క బుకింగూ రద్దు కాలేదు. ఎవరికీ గోరు కూడా ఊడని 2025 సంఘటనకు ఆరు స్కూళ్లు అడ్వాన్సు వెనక్కి అడిగాయి. ఫోన్‌లో వీడియో ఉందా లేదా అన్నదాన్ని బట్టే భయం పెరుగుతోంది. తల్లిదండ్రుల్ని తప్పుపట్టడం లేదు, వాళ్లకు అందిన సమాచారం అంతే. కానీ వాళ్లకు చెప్పాల్సిన మాట ఒకటుంది. రైడు పైన ఆగిపోవడం చాలాసార్లు రక్షణ ఏర్పాటు పనిచేయడమే. సెన్సరుకు ఏదో తేడా కనపడింది, ఆపేసింది. అలా ఆగాక మనుషుల్ని దింపడానికి పార్కు దగ్గర సొంత ఏర్పాటు ఉందా, లేక బయటి నుంచి ఫైరింజను వచ్చేదాకా ఎదురుచూడాలా అన్నది మనం అడగాల్సిన ప్రశ్న.

ఆగిన రైడును బలవంతంగా కదిపితే ఏమవుతుందో ఇంగ్లాండులో చూశారు. 2015 జూన్ 2న ఆల్టన్ టవర్స్ పార్కులో ఒక రోలర్ కోస్టర్ మీద ఖాళీ బండి ఒకటి పట్టాల మీద నిలిచిపోయింది. వ్యవస్థ మొత్తం రైడును ఆపేసింది. ఇంజినీర్లు అది తప్పుడు హెచ్చరిక అనుకుని, రైడును ఆపిన ఆ రక్షణ ఏర్పాటును పక్కనపెట్టి, 16 మందితో ఉన్న బండిని వదిలారు. అది వెళ్లి ఖాళీ బండిని గుద్దింది. ఇద్దరమ్మాయిలకు కాలు తీసేయాల్సి వచ్చింది. కోర్టు కంపెనీకి 50 లక్షల పౌండ్ల జరిమానా వేసింది. జనం తగ్గారు, పార్కు ఉద్యోగాల్లో కోత పెట్టింది. అయినా కంపెనీ బాధ్యత ఒప్పుకుంది, మరుసటి ఏడాది అదే రైడును మార్పులతో మళ్లీ నడిపింది. ఆస్ట్రేలియా డ్రీమ్‌వరల్డ్ పార్కు కథ వేరు. 2016 అక్టోబరు 25న నీటి రైడులో పంపు ఆగి నీళ్లు తగ్గాయి, ఒక తెప్ప ఇరుక్కుంది, వెనక వచ్చిన తెప్ప దాన్ని గుద్ది నలుగురు చనిపోయారు. తర్వాత విచారణ ఏళ్ల తరబడి సాగింది. 2020లో వచ్చిన నివేదికలో ఆ పార్కు రక్షణ పద్ధతులు ఎంత నాసిరకమో బయటపడింది. ప్రతి విచారణ రోజూ ఆ గాయం మళ్లీ రేగింది. ఆ వ్యాపారం చాలా ఏళ్లు కోలుకోలేదు.

అంటే ప్రమాదం ఒక్కటే జనాన్ని శాశ్వతంగా ఆపదు. ‘వీళ్లు డబ్బు మిగుల్చుకోవడానికి మన పిల్లల్ని పణంగా పెట్టారు’ అని తెలిసినప్పుడే నమ్మకం పోతుంది. పోయిన నమ్మకాన్ని డిస్కౌంట్ ఇచ్చి తెచ్చుకోలేరు.

ఇక ధర. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మీ పిలకాయల్లో సగం మంది ఇక్కడే ఆగిపోయారు.

2013లో కావలి నుంచి చెన్నై పార్కుకు తలకు 900 తీసుకున్నాను, అందులోనే మూడు పూటల తిండి. ఇప్పుడు మీకు 2,500 చెప్పింది నేను కాకపోయినా, లెక్క ఎలా ఉంటుందో చెప్తాను. పిల్లలకిచ్చే గుంపు తగ్గింపు పోను టికెట్ 1,100 నుంచి 1,200. కందుకూరు నుంచి చెన్నై అవతల పార్కు ఉన్న తిరుప్పోరూరు వైపు రానూపోనూ 650 కిలోమీటర్లు. పెద్ద బస్సు లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇస్తే గొప్ప. 160 లీటర్ల పైన డీజిలు, 15 వేలు అక్కడే పోయాయి. డీజిలు మన దగ్గరకంటే తమిళనాడులో లీటరుకు నాలుగైదు రూపాయలు తక్కువ, అందుకే తెలిసిన డ్రైవరు తడ దాటాక నింపుతాడు. బస్సు అద్దె, ఇద్దరు డ్రైవర్ల బత్తా, తమిళనాడు పర్మిట్, ముసునూరు నుంచి చెన్నై దాకా వరసగా టోల్ గేట్లు, అన్నీ కలిపితే 38 వేల చిల్లర. 45 మందికి పంచితే తలకు 850. తిండి 350. వెంట వచ్చే టీచర్ల టికెట్లు, మందుల పెట్టె, ఇన్సూరెన్సు మరో 150. మీకు చెప్పిన 2,500లో మోసమేమీ లేదు మాస్టారూ. ఇంకా 1,800కే తీసుకెళ్తానని ఎవరైనా వస్తే, ఆ 700 ఎక్కడ మిగుల్చుతున్నాడో మాత్రం అడగండి.

టికెట్ ఎందుకు అంత పెరిగిందంటే పార్కు ఖర్చు ఎంతమంది వచ్చారన్నదాన్ని బట్టి మారదు. వంద మంది వచ్చినా, అయిదు వేల మంది వచ్చినా పొద్దున్నే ప్రతి రైడునూ తనిఖీ చేయాలి, ఖాళీగా తిప్పి చూడాలి, వెల్డింగుల్లో కంటికి కనపడని పగుళ్లకు పరీక్షలు చేయాలి, నీళ్లు శుద్ధి చేయాలి, లైఫ్‌గార్డులు నిలబడాలి. పెద్ద రైడ్లు యూరప్ నుంచి వస్తాయి, విడిభాగాలకూ అక్కడి ధరే. 2025 డిసెంబరులో తిరుప్పోరూరు దగ్గర తెరిచిన వండర్‌లా పార్కు మీద 500 కోట్లకు పైగా పెట్టారు. టికెట్ దాదాపు 1,500 దగ్గర మొదలైంది. ఆ పార్కు స్థలం కొన్న చాలా ఏళ్లకు గానీ రాలేదు, అక్కడి స్థానిక సంస్థల వినోద పన్ను సంగతి తేలక ఆగింది. పన్నులు కూడా తక్కువేమీ కాదు. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు పార్కు టికెట్ మీద 28 శాతం వేశారు. 2018 జనవరిలో 18కి దించారు. కోవిడ్‌లో నెలల తరబడి గేట్లు మూసినా జీతాలు, అప్పుల మీద వడ్డీలు ఆగలేదు. ఆ దెబ్బంతా తర్వాతి టికెట్లలో కలిసింది. తట్టుకోలేనివి మూతపడ్డాయి. 1989లో ముంబైలో మొదలై ఒక తరానికి ఆట అంటే అదే అనిపించిన ఎస్సెల్ వరల్డ్ కూడా మూతపడింది.

బయటి దేశాల్లోనూ ఇదే నడక. ఫ్లోరిడాలో వాల్ట్ డిస్నీ వరల్డ్ 1971లో మూడున్నర డాలర్ల ప్రవేశ రుసుముతో మొదలైంది. ఇప్పుడు రద్దీ రోజుల్లో 150 డాలర్లు దాటుతుంది. తక్కువమంది దగ్గర ఎక్కువ వసూలు చేసినా కంపెనీకి గిట్టుబాటే. వెళ్లలేని పిల్లల గురించి ఆలోచించే బాధ్యత కంపెనీకి లేదు. స్కూలుకు ఉంది. అందుకే మీ ప్రశ్న నాకు నచ్చింది.

మన జిల్లాల్లో ఇంకో మాట. టికెట్ ధర ఎంతన్నది సగం కథే, ఇంట్లో ఆ ఏడాది ఏం చేతికొచ్చిందన్నది మిగతా సగం. రొయ్య ధర బాగున్న ఏడాది అల్లూరు, ఇందుకూరుపేట వైపు స్కూళ్ల బస్సులు రెండు రోజుల్లో నిండుతాయి. పొగాకు వేలం బాగున్న ఏడాది కందుకూరు, కొండపి వైపు ఫోన్ ఖాళీ ఉండదు. 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకాలు 50 శాతానికి చేరాక రొయ్యల చెరువుల వాళ్లు దిగాలుపడ్డారు. ఆ సీజనులో ఏటా వచ్చే రెండు స్కూళ్లు నాతో టూరు మాటే ఎత్తలేదు. ఆ ఊళ్లలో ఎవరికీ రైడు భయం లేదు. మేత బాకీ ఉంది. అడిగితే మాత్రం ‘ప్రమాదాలు జరుగుతున్నాయి గదా, పంపం’ అంటారు. డబ్బు లేదని పిల్లాడి ముందు చెప్పడం ఏ తండ్రికైనా కష్టం. మీకు ‘భయం’ అని చెప్పినవాళ్లలో కొందరి సంగతి ఇదేనేమో, నెమ్మదిగా కనుక్కోండి.

ఇప్పుడు అసలు సంగతి. ఖర్చు, ప్రమాదం ఒకచోట కలుసుకుంటాయన్నాను గదా.

2024 మే 25న రాజ్‌కోట్‌లో ఒక గేమ్ జోన్ తగలబడి 27 మంది చనిపోయారు, వాళ్లలో పిల్లలూ ఉన్నారు. వేసవి సెలవుల శనివారం. ఆరోజు ప్రవేశం 99 రూపాయలన్న ఆఫరు పెట్టారు, జనం కిక్కిరిశారు. రేకులతో కట్టిన షెడ్డు, లోపల గోకార్టుల కోసం, అంటే చిన్న రేసు బండ్ల కోసం నిల్వ ఉంచిన ఇంధనం, పక్కనే వెల్డింగు పని. అగ్నిమాపక శాఖ నుంచి అనుమతి పత్రం (ఎన్‌ఓసీ) లేదు. పిల్లలకు తక్కువలో సరదా దొరుకుతుందని వెళ్లిన మామూలు మనుషులు వాళ్లు. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. 99 రూపాయలకు లోపలికి రానిచ్చినవాడు రెండో తలుపు మీద, ఇసుక బకెట్ల మీద, అనుమతి మీద మిగుల్చుకున్నాడు.

మన ఊళ్లలో దీనికి చెల్లెలు లాంటిది వేసవి ఎగ్జిబిషన్. నెల్లూరులో, ఒంగోలులో, కావలిలో ఏటా దిగుతుంది. జయింట్ వీల్, కొలంబస్, బ్రేక్ డ్యాన్స్. 2,500 పెట్టలేనివాళ్లు పిల్లల్ని అక్కడికి తీసుకెళ్తారు, తలకు వంద రూపాయలతో అయిపోతుంది. పార్కులో రైడు ఒకసారి బిగిస్తే అక్కడే ఉంటుంది. ఎగ్జిబిషన్ రైడును నెలకో ఊళ్లో విప్పుతారు, లారీకెక్కిస్తారు, మళ్లీ బిగిస్తారు. విప్పిన ప్రతిసారీ బోల్టు అరుగుతుంది. 2022 సెప్టెంబరులో మొహాలీ ఎగ్జిబిషన్‌లో పైకెత్తి తిప్పే రైడు మనుషులతో సహా దభీమని కిందపడింది, చాలామందికి దెబ్బలు తగిలాయి. కొన్నేళ్ల కిందట మా వైపు ఒక ఎగ్జిబిషన్‌కు మా మనవణ్ని తీసుకెళ్తే, వెంట వచ్చిన మా బస్సు మెకానిక్ జయింట్ వీల్ డబ్బా వైపు చూసి నా చెయ్యి పట్టుకున్నాడు. పిన్ను ఉండాల్సిన చోట కట్టుడు తీగ మెలిపెట్టి ఉంది. పిల్లాణ్ని దించేసి, నిర్వాహకుడితో మాట్లాడి, ఆ డబ్బా ఆపించేదాకా కదల్లేదు. మిగతా డబ్బాలు తిరుగుతూనే ఉన్నాయి. ఎగ్జిబిషన్లు వద్దని నేననను, చాలా ఇళ్లకు ఏడాదికి అదొక్కటే పండగ. కానీ వాటి బిగింపును ఇంజినీరు ఒక్కరోజు నిలబడి చూడాలని, ఆ కాగితం గేటు దగ్గర అతికించాలని మున్సిపాలిటీని అడిగే హక్కు మనకుంది. మీలాంటి మాస్టర్లు అడిగితే వింటారు.

నా సంగతీ చెప్పాలి. 2011 జనవరిలో ఒక స్కూలు వాళ్లు తలకు యాభై తగ్గించమని పట్టుబట్టారు. ఆ ట్రిప్పు పోగొట్టుకోవడం ఇష్టం లేక ఒప్పుకున్నాను. ఒప్పుకుని రెండో డ్రైవర్ని తీసేశాను. తిరుగు ప్రయాణంలో రాత్రి రెండున్నరకు, నాయుడుపేట దాటాక, డ్రైవరు కునుకు తీశాడు. బస్సు డివైడరు ఎక్కి ఆగింది. లోపల 48 మంది పిలకాయలు. ఇద్దరికి పెదవులు చిట్లాయి, ఒకడికి మణికట్టు విరిగింది. అవతలి వైపుకు దూకి ఉంటే ఎదురుగా లారీలు. డ్రైవరును జనం తిట్టారు. అతను అంతకుముందు రాత్రి కూడా నిద్రపోలేదని నాకు తెలుసు, ఎందుకంటే ముందురోజు అతన్ని తిరుపతికి పంపింది నేనే. మణికట్టు విరిగిన పిల్లాడి తండ్రి ఆసుపత్రిలో నన్ను ఒక్క మాట అనలేదు, ‘మీరు కూడా రాత్రంతా నిద్రలేరు, టీ తాగండి’ అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు. ఆరోజు నుంచి రెండో డ్రైవరు లేకుండా నా బస్సు జిల్లా దాటలేదు. ఆ పట్టుదల వల్ల ట్రిప్పులు పోయాయి. పోనీ.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, తల్లిదండ్రులు పార్కులో రైడును చూసి భయపడతారు, పిల్లల్ని నిజంగా బలిగొనేది దారి. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. దాంతో పోలిస్తే పార్కు రైడ్ల మీద పోయే ప్రాణాలు చాలా తక్కువ. 2024 ఫిబ్రవరిలో మా ముసునూరు టోల్ ప్లాజా దగ్గర రాత్రివేళ, చెన్నై నుంచి వస్తున్న ప్రైవేటు బస్సును లారీ ఢీకొట్టి ఎంతమంది ప్రాణాలు పోయాయో కావలి వాళ్లకు గుర్తుంది. 2025 అక్టోబరులో కర్నూలు దగ్గర స్లీపర్ బస్సు కాలి 19 మంది ప్రయాణికులు పోయారు. రైడుకు బెల్టు ఉందా అని అడిగే తండ్రి, బస్సులో అత్యవసర తలుపు తెరుచుకుంటుందా అని ఎప్పుడూ అడగడు. ఆ ప్రశ్న అతని తరఫున మీరే అడగాలి.

కాబట్టి వెళ్లడమా మానడమా అంటే, వెళ్లండి, అయితే ఇలా.

రాత్రి ప్రయాణం వద్దు. కందుకూరు నుంచి ఒక్కరోజులో పార్కు చూసి రావాలంటే తెల్లవారుజామున మూడింటికి బయల్దేరి అర్ధరాత్రి దాటాక ఒంటిగంటకు ఇల్లు చేరాలి, పిల్లలకూ డ్రైవర్లకూ అది శిక్ష. రైలు ఆలోచించండి. విద్యాయాత్రలకు రైల్వేలో విద్యార్థి రాయితీ ఉంది, సెకండ్, స్లీపర్ క్లాసుల్లో సగం దాకా తగ్గుతుంది. హెడ్మాస్టరు సంతకంతో దరఖాస్తు ముందుగా స్టేషన్లో ఇవ్వాలి. సింగరాయకొండ నుంచి చెన్నై దాకా రైలు, అక్కడ ఒక్కరోజుకు స్థానిక బస్సు. ఒక రాత్రి ఏదైనా స్కూల్లోనో, కళ్యాణ మండపంలోనో పడుకునే ఏర్పాటు చేసుకుంటే, 650 కిలోమీటర్ల బస్సు ఖర్చులో పెద్ద భాగం మిగులుతుంది. మీకు 2,500 అన్నది 2,100కు రావచ్చు. ఇక్కడ తగ్గిన డబ్బు ప్రాణం మీద కోసింది కాదు. బస్సే కావాలంటే మీ స్కూలు బస్సును మాత్రం రాష్ట్రం దాటించకండి. దాని పర్మిట్ అలాంటి ప్రయాణానికి పనికిరాదు, ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు వాళ్లు మొదట పట్టుకునేది అదే.

రోజు కూడా చూసి పెట్టుకోండి. నవంబరు, డిసెంబరు మొదటివారం మనకూ చెన్నైకీ తుఫాన్ల కాలం. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వచ్చినప్పుడు నా నాలుగు బస్సులకు కట్టిన అడ్వాన్సులు చిక్కుకున్నాయి. సంక్రాంతి సెలవులయ్యాక వారం మధ్యలో వెళ్తే టికెట్ తక్కువ, రద్దీ తక్కువ, రైడు నడిపేవాళ్ల మీద ఒత్తిడి తక్కువ.

పార్కుకు ఫోన్ చేసినప్పుడు తగ్గింపు ఎంత అని మాత్రమే కాకుండా, వచ్చే వారం మరమ్మతుకు ఏ రైడ్లు ఆపుతున్నారని అడగండి. ‘రెండు ఆపాం’ అని చెప్పే పార్కును నేను నమ్ముతాను. అన్నీ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయనే చోటుకు పిల్లల్ని తీసుకెళ్లను. లోపలికి వెళ్లాక మూసిన రైడు దగ్గర నిలబడి ‘డబ్బు కట్టాం, నడపండి’ అని గొడవ చేసేవాళ్లను చూస్తుంటాను, టీచర్లు కూడా. దయచేసి మీరు చేయకండి, ఆల్టన్ టవర్స్‌లో జరిగింది గుర్తుంచుకోండి. ఎత్తు కొలిచే గీత దగ్గర పిల్లాడు మునివేళ్ల మీద లేస్తే కిందికి దించాల్సింది మీరే. నీళ్ల కొలనుల దగ్గర ఇద్దరు టీచర్లు ఒడ్డునే ఉండాలి, దిగకూడదు, ఫోన్ చూడకూడదు. పిలకాయల్ని పదిమందికొకరు చొప్పున లెక్కపెట్టాలి, గంటకోసారి.

ఇక డబ్బు కట్టలేని సగం మంది. పార్కును ఒక్క తొమ్మిదో తరగతికే ఉంచి, ఏడాది మొదట్లోనే చెప్పి నెలకు రెండు వందలు కట్టించుకోండి. పొగాకు డబ్బు వచ్చినప్పుడు ఒకరు, జీతం వచ్చినప్పుడు ఒకరు సర్దుకుంటారు. మిగతా తరగతులకు మన చుట్టూ ఉన్నది తక్కువేమీ కాదు. జనవరిలో పులికాట్‌కు రాజహంసలు వస్తాయి, నేలపట్టులో గూడబాతులు గూళ్లు కట్టుకుని ఉంటాయి. శ్రీహరికోటలో ప్రయోగం ఉన్న రోజు గ్యాలరీకి ముందుగా నమోదు చేసుకుంటే రాకెట్ పైకి లేవడం కళ్లారా చూడొచ్చు. ఆ శబ్దం ఛాతీలో మోగుతుంది, ఏ రైడూ అది ఇవ్వదు. మీ వైపు వాళ్లకు భైరవకోన ఒక్కరోజు ప్రయాణం. సముద్రమైతే మాత్రం, పాకల కానివ్వండి, మైపాడు కానివ్వండి, పిల్లల్ని మోకాలి లోతు కూడా దించకండి. అక్కడ ఏటా ప్రాణాలు పోతున్నాయి.

తల్లిదండ్రుల మీటింగులో ఖర్చు లెక్క మొత్తం బోర్డు మీద రాయండి, టికెట్ ఎంత, డీజిలు ఎంత, డ్రైవర్ల బత్తా ఎంత అని. నేను 2012 నుంచి అలాగే చేస్తున్నాను. తగ్గించమని అడిగినవాళ్లను ఏ గీత కొట్టేయమంటారో వాళ్లనే చెప్పమంటాను. రెండో డ్రైవరు గీతను కొట్టేయమన్న తల్లి నాకు ఇంతవరకు కనపడలేదు.

బస్సు మాట్లాడుకునే రోజు ఇద్దరు డ్రైవర్ల లైసెన్సులు, ఫిట్‌నెస్ సర్టిఫికెట్, టూరిస్టు పర్మిట్ ఫోటో తీసి దగ్గర పెట్టుకోండి. వెనక అత్యవసర తలుపు మీ చేత్తో తెరిచి చూడండి. చూపించడానికి నీళ్లు నమిలితే ఆ బస్సు వద్దు. పార్కుతో మాట్లాడేటప్పుడు ఏదైనా తేలకపోతే మళ్లీ రాయండి, రాత్రి ఎనిమిది తర్వాత నేను తీరికగానే ఉంటాను.